లోవరాజు ముందుగదీ, మునసబుగారి పడక్కుర్చీ

లోవరాజు సంగతి నేను చెప్తేనే బాగుంటదండి. గొప్పకి అనట్లేదు, వినేవాళ్ళ మేలు కోరి అంటున్నాను. మా చింతలమొగలో ఈ కథ ఇంకో నలుగురు చెప్తారు. వాళ్ళు చెప్తే ఎక్కడ నవ్వాలో మీకు తెలీదు, మొహమాటానికి నవ్వాల్సొస్తది. నేనైతే ముందు నేనే నవ్వేస్తాను కాబట్టి మీకా ఇబ్బంది ఉండదు. ఇంత మంచి గుణం బయటోళ్ళకే తప్ప ఇంట్లోవాళ్ళకి కనపడదనుకోండి. మా ఆవిడైతే, నువ్వు కథ మొదలెడితే అరుగు మీద కుక్క కూడా లేచి పక్క వీధికెళ్ళిపోద్ది అంటది. కుక్కకేం తెలుసండి కథ సంగతి.

సరే, లోవరాజు. ఎవరీ లోవరాజు అంటే, పడవలు కట్టే అబ్బులు కొడుకు. అబ్బులికి అప్పటికే ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. మా ఏటి పాయలో తిరిగిన చెక్క పడవల్లో సగం ఆయన చేతుల్లోంచి దిగినయ్యే. మునసబుగారి ధాన్యం పడవలు, ఇసక పడవలు, వేట పడవలు, అన్నీని. తండ్రీ కొడుకూ కొట్లో చెక్క చెక్కే బాడిసలు పట్టుకుని దిగేరంటే ఊరు నిద్ర లేవడానికి కోడి అక్కర్లేదు. తర్వాత ఏమైందంటే, ఫైబర్ పడవలొచ్చేయి. అచ్చులో పోసి ఇడ్లీ తీసినట్టు తీసేస్తారంట. తేలిక, చవక, ఏటా నూనె రాసే పని లేదు. ఇంకేవుంది, చెక్క పడవ అడిగేవాడే లేడు. కొట్లో ఉలులు తుప్పు పడతా ఉన్నాయి, లోవరాజు ఆ ఉలుల్ని చూస్తా ఉన్నాడు. వాడు బళ్ళో చదివింది నాలుగో అయిదో. చేతిలో విద్య మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు, తండ్రి కొట్టిన మొట్టికాయలు చదువు కింద లెక్కెయ్యకపోతే.

ఇలా ఉండగా ఒకరోజు అబ్బులికి ఆయాసం వచ్చిందంట. లోవరాజు ఆటో ఎక్కించుకుని టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళేడు. చీటీ రాయించుకొస్తాను, నువ్విక్కడ కూచో నాన్నా అని వరసగా వేసిన కుర్చీల్లో ఒకటి చూపించి వెళ్ళేడు. తిరిగొచ్చేసరికి కుర్చీ కుర్చీలాగే ఖాళీగా ఉంది, ఈయన దాని పక్కన నేల మీద గొంతుక్కూచుని ఉన్నాడు. అదేంటి నాన్నా అంటే, పర్లేదురా నాకిలాగే అలవాటు అన్నాడంట. అక్కడితో అయిపోతే కథే లేదనుకో. ఇంతలో ఎవరో పాపం వాళ్ళ హడావిడిలో వాళ్ళు సంచీ పట్టుకుని పోతా పోతా ఈయన కాలు తొక్కేసేరు. తొక్కినాయన అయ్యో అని వెనక్కి తిరిగేడు. తిరిగేసరికి ఈయనే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతన్నాడు. తొక్కించుకున్నోడు తొక్కినోడికి! అడ్డంగా కూచున్నాను బాబూ, తప్పు నాదే అని. లోవరాజుకి చేప ముల్లు గొంతులో అడ్డం పడ్డట్టయ్యింది. మందులు రాయించుకున్నారు, ఇంటికొచ్చేరు, ఆయాసం తగ్గింది, ముల్లు మాత్రం దిగలేదు.

అసలా ముసిలాయన కుర్చీ ఎందుకు ఎక్కడంటే, వయసులో ఉన్నప్పట్నించీ పడవల పని మీద మునసబుగారింటికి వెళ్తా ఉండేవాడు. మునసబుగారు వసారాలో పడక్కుర్చీలో ఉండేవారు. పడక్కుర్చీ తెలుసు కదండీ, చేతులు బారుగా ముందుకొచ్చి ఉంటాయి, వాటి మీద కాళ్ళు జాపుకోవచ్చు. మునసబుగారి పాదాలు సరిగ్గా ఎదుటోడి మొహానికి ఎదురుగా ఉండేవంట. పని మాట్లాడేవాళ్ళు మెట్ల కింద నిలబడాలి. గంటైనా అంతే, రెండు గంటలైనా అంతే. మరీ కాళ్ళు పీకితే నేల మీద గొంతుక్కూచోవచ్చు. అలా నలభయ్యేళ్ళు నిలబడ్డ మనిషికి కుర్చీ కనపడితే చాలు, కాళ్ళు వాటంతటవే పక్కకి జరుగుతాయి. సొంత కొడుకింట్లో కూడా గుమ్మం పక్కన గోడకి చేరబడి కూచునేవాడు, ఎవరో పిలిస్తే లేచెళ్ళడానికి సిద్ధంగా ఉన్నట్టు.

లోవరాజు పెళ్ళాంతో అన్నాడంట, మరిడీ, నాన్న ఉండగా ఒక్కసారి మనింట్లో, మన ముందుగదిలో, కుర్చీ ఎక్కి కూచోవాలి, అది నేను చూడాలి అని. ఆవిడ పేరు మరిడమ్మ, వలలు బాగుచేస్తది. ఆవిడ నోరు మంచిది కాదంటారు ఊళ్ళో. నోరు మంచిదేనండి, వినేవాడి చెవే కొంచెం గట్టిగా ఉండాలి. "కూచోవాలంటే ముందు కుర్చీ ఉండాలి కదయ్యా. మనింట్లో ఉన్నది ఒక స్టూలు, దానికి మూడు కాళ్ళు. ముందుగదంటావు, అందులో వలలూ బుట్టలూ తప్ప మనిషి కూచునే చోటేదీ?" అంది. నిజమే. ఊళ్ళో మిగతా వాళ్ళందరి ముందుగదుల్లోనూ సోఫా సెట్లొచ్చేసేయి. ఆ సోఫాల మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యరనుకో, కూచుంటే చర్రుమని జారి కింద పడతాం. నేనొకసారి మా వియ్యంకుడింట్లో పడ్డాను. ఆ సంగతి ఇప్పుడెందుకు.

సోఫా కొనే తాహతు లోవరాజుకి లేదు, కొనాలని కూడా లేదు. టౌన్లో పాతసామాన్ల కొట్టు మస్తాను ఉన్నాడు, ఇళ్ళు పడగొట్టిన చోట తలుపులూ కిటికీలూ పెట్టెలూ టోకున కొని తెస్తాడు. లోవరాజు వెళ్ళి, నీ కొట్లో విరిగిన సామాను నేను బాగుచేస్తాను, కూలి వద్దు, నాకు నచ్చినవి పట్టుకుపోతాను అన్నాడంట. మస్తాను ఎగిరి గంతేసేడు. అలా ఒక రంగం పెట్టె వచ్చింది ఇంటికి. ఎవరి తాతో రంగూనెళ్ళి తెచ్చుకున్నదంట, మూత తీస్తే ఇప్పటికీ కర్పూరం వాసనే. ఒక నిలువుటద్దం వచ్చింది. మచ్చలు పడిపోయిందిలెండి, అందులో చూసుకుంటే మనకి మసూచి వచ్చి తగ్గినట్టుంటది. ఒక గోడగడియారం వచ్చింది. లోవరాజు దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేసరికి రెండు మరలు మిగిలిపోయేయి. మిగిలినా తిరుగుతూనే ఉంది, అయితే గంటలు మాత్రం దానికి తోచినన్ని కొడతది. ఒక పొడుగు బల్ల వచ్చింది. ఊరంతా నవ్వేరు. లోవరాజుకి పని లేక పిచ్చి పట్టింది, చెత్త మోసుకొస్తన్నాడు అని.

ఈలోగా ఏమైందంటే, మునసబుగారి ఇల్లు పడగొట్టేరు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళైపోయింది. కొడుకు జోగారావుగారు అక్కడ కల్యాణమంటపం కట్టిస్తానని, పాత సామానంతా కట్టెల కింద మస్తానుకి తోలించేసేరు. లోవరాజూ మరిడమ్మా వెళ్ళేసరికి కొట్టు వెనకాల కుప్పలో అడుగున ఉంది, పడక్కుర్చీ. ఒక చెయ్యి విరిగిపోయింది, వెనక కాలు చెద కొట్టేసింది, పేము అల్లిక చిరిగి వేలాడతంది, మీద మూడు వరసల పచ్చరంగు. అంత మంచి చెక్కకి పచ్చరంగెందుకు కొట్టించేరో కొట్టించినోళ్ళకే తెలియాలి. లోవరాజు దాన్ని చూసి రెండడుగులు వెనక్కేసేడంట. ఇదొద్దు మరిడీ, ఇంకోటేదైనా చూద్దాం అన్నాడు. మరిడమ్మ కదల్లేదు. "మావయ్య ఏ కుర్చీ ఎక్కకపోవడానికి కారణం ఇదేనా కాదా?" అంది. ఇదే అన్నాడు. "అయితే ఇంకో కుర్చీ దేనికి? మనిషి ఎక్కడ నిలబడిపోయేడో అక్కడే కూచోబెట్టాలి. ఎత్తు, నువ్వటు పట్టుకో" అంది. ఆవిడ చెప్పేక ఎత్తడమే గానీ ఆలోచించడం ఉండదు.

ఇంక బాగుచేయడం చూడాలండి. లోవరాజు గాజుపెంకు తీసుకుని ఆ పచ్చరంగు గీకేడు. నాలుగు రోజులు గీకేడు. గీకితే కింద ఇరుగుడు చెక్క బయటపడింది, నలుపులో ఎరుపు, ఎరుపులో నలుపు, ఏటి ఒండులో నీళ్ళు జారిన గీతల్లాగ. విరిగిన చేతికీ చెద తిన్న కాలికీ వాళ్ళ కొట్లో మిగిలిపోయిన పడవ టేకు ముక్కలు అతికించేడు. నల్ల చెక్కకి తెల్ల ముక్క. ఒరే, కాస్త రంగు పూస్తే అతుకు కనపడదు కదరా అన్నాను. "ఎందుకు బాబాయ్ దాచడం, ఎవరతికేరో తెలియాలి కదా" అన్నాడు. సందుల్లో దూది కూరేడు, గుగ్గిలం కరిగించి పోసేడు, అచ్చం పడవకి చేసినట్టే. ఒరే ఇది నీళ్ళలోకి దిగదురా అన్నాను. "వానాకాలంలో మా గది చూళ్ళేదు నువ్వు" అన్నాడు. మరిడమ్మకి పేము అల్లడం రాదు, వల అల్లడం వచ్చు. అందుకని నైలాను తాడు తెచ్చి, చెక్క సూదితో వల ముళ్ళు వేసి కుర్చీకి అడుగంతా అల్లేసింది. "సొర చేప పడ్డా తెగదు, మావయ్యెంత" అంది.

సొర అంటే గుర్తొచ్చింది. అంతా అయ్యేక చెక్కకి పైన ఏం రాయాలి బాబాయ్ అని లోవరాజు నన్నడిగేడు. కుర్చీలకేం రాస్తారో నాకేం తెలుసండి. కానీ తెలీదంటే నా పెద్దరికం ఏం కావాలి. సొర నూనెకి మించింది ఏముందిరా, మీ తాత నాటి పడవలు ఇప్పటికీ చెక్కు చెదరలేదు అన్నాను. వాడు నమ్మేడు. పెద్దోళ్ళ మాట వినేవాళ్ళతో వచ్చే తంటా ఇదే. కుర్చీకీ, పెట్టెకీ, బల్లకీ, అద్దం చట్రానికీ అన్నిటికీ రెండు పూటలా సొర నూనె పట్టించేడు. మూడో రోజు పొద్దున్న లేచి చూసేసరికి వీధి వీధంతటి పిల్లులూ కిటికీలోంచి దూకి గదిలో పేరంటం పెట్టుకున్నాయి. కుర్చీలో రెండు, పెట్టె మీద మూడు, గడియారం కింద ఒకటి, అది మాత్రం పైకే చూస్తా. తోలితే ఆ కిటికీలోంచి వెళ్ళి ఈ గుమ్మంలోంచి వస్తన్నాయి. లోవరాజు తల పట్టుకుని కూచున్నాడంట, నాన్నకోసం చేస్తే పిల్లులెక్కేయి అని.

ఎదురింటి పాపాయమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమే మరిడీ, ముందుగదా ఇది, చేపల రేవా? వాసన పోనీ అనుకో, చచ్చిపోయినోళ్ళ సామాను ఇంట్లో పెట్టుకోడం ఏంటే, అరిష్టం కాదూ?" అంది. మరిడమ్మ వల మీంచి తలెత్తకుండా అన్నాదంట, "చచ్చిపోయినోళ్ళ పొలాలు దున్నుకు తింటన్నారు, వాటికి లేని అరిష్టం కుర్చీకెందుకొస్తది పిన్నీ? నీ మెళ్ళో పలకసర్లు మీ అత్తవి కాదూ? ఆవిడేమన్నా బతికుండి నీకిచ్చిందా? వాసనంటావా, మేం పడవలోళ్ళం, వలలోళ్ళం. మా గది సంపెంగల వాసనొస్తే దొంగసొత్తనుకుంటారు." పాపాయమ్మ పలకసర్లు కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మరిడమ్మ ఒక పని చేసింది. లోవరాజు కట్టిన ఆఖరి పడవ చుక్కాని కొట్లో పడుంటే, దాన్ని తెచ్చి గోడకి అడ్డంగా కొట్టించి అలమర కింద చేసి, దాని మీద ఇత్తడి గ్లాసులు బోర్లించింది. గది చూస్తే గదిలాగుండదు, పడవలాగుండదు, రెండిటికీ పుట్టినట్టుండేది. ఎవడు నవ్వితే నవ్వనీ అని గుమ్మం బార్లా తీసిపెట్టేసేరు.

అన్నాళ్ళూ పడవల కొట్లో ఉంచిన అబ్బుల్ని అప్పుడు గదిలోకి తీసుకొచ్చేరు. ముసిలాయన ఒక్కొక్కటీ చూసేడు. పెట్టె మూత వాసన చూసేడు, బల్ల కింద తడిమేడు, చుక్కాని మీద చెయ్యేసి కాసేపుండిపోయేడు. కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేడు. గుర్తుపట్టేడు. "కూచో నాన్నా" అన్నాడు లోవరాజు. "ఒరే, అది ఆయనదిరా." "ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది." "ఆయన పోతే? కుర్చీ ఉంది కదా." అంతే, తిరిగొచ్చి గుమ్మం పక్కన గోడకి చేరబడ్డాడు. లోవరాజు బతిమాలేడు, కోడలు దెబ్బలాడింది, నేను కూడా వెళ్ళి రెండు మంచి మాటలు చెప్పేను, అయినా కూచోలేదు. నేను చెప్పేక అసలు కూచోవాలన్న ఆలోచన ఏదైనా ఉంటే అదీ పోయిందని మరిడమ్మ అంది. నెల్లాళ్ళు అలాగే ఉంది కుర్చీ, ఖాళీగా. ఇంకెవర్నీ కూచోనివ్వలేదు లోవరాజు, తనూ కూచోలేదు. పిల్లులు మాత్రం ఎవరి మాటా వినలేదు.

ఆ పిల్లుల వల్లే వచ్చింది గొడవ. ఎవరో వెళ్ళి జోగారావుగారితో అన్నారంట, మీ నాన్నగారి పడక్కుర్చీలో లోవరాజు పిల్లుల్ని పడుకోబెడతన్నాడండీ అని. ఆయనకి రోషం రాదూ మరి? మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసేరు. నేనప్పుడు అక్కడ లేనండి. ఉన్నట్టే చెప్తాను, ఊఁ కొట్టండి. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి అబ్బులు గభాల్న లేచి, తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. జోగారావుగారు అబ్బులు కన్నా పాతికేళ్ళు చిన్న. అయినా ఏరా అబ్బులూ అనే పిలుస్తారు, పిలిపించుకునేవాడికీ అది వింతగా ఉండదు.

"ఏరా లోవరాజూ, మా నాన్నగారి కుర్చీ నీ దగ్గరుందంట?" అన్నారు. "మస్తాను కట్టెల కుప్పలో ఉంటే తెచ్చుకున్నానండి" అన్నాడు లోవరాజు. "అది పొరపాటున వెళ్ళిపోయింది. సాయంత్రం బండి పంపిస్తాను, ఎక్కించెయ్. నీ కష్టం ఉంచుకోనులే." మరిడమ్మ లోపల్నించి వచ్చి, "తోలించినప్పుడు లేని పొరపాటు, మేం తుడిచేక ఎలాగొచ్చిందండీ?" అంది. పెద్దమనుషులు, నువ్వూరుకోవమ్మా అన్నారు. లోవరాజు కుర్చీ చేతి మీద చెయ్యేసేడు. "ఇవ్వనండి" అన్నాడు. మా ఊళ్ళో ఆ ఇంటివాళ్ళతో ఆ మాట అన్నవాడు అంతకుముందు లేడు. జోగారావుగారు కోప్పడలేదు, లోవరాజు వంక కూడా చూళ్ళేదు. గోడ వంక తిరిగి, "ఏరా అబ్బులూ, వింటన్నావా నీ కొడుకు మాట?" అన్నారు. ముసిలాయన తల వంచుకుని, "ఇచ్చెయ్యరా లోవా. ఆళ్ళ సొత్తు" అన్నాడు.

అయిపోయింది. ఎవరికోసం ఇవ్వనన్నాడో ఆయనే ఇచ్చెయ్యమన్నాక ఇంకేం మాట్లాడతాడు? లోవరాజు గొంతులో ముల్లు అలాగే ఉండిపోయింది. జోగారావుగారు అక్కడితో వెళ్ళిపోయినా బాగుండేది. గెలిచినోడికి చూసి పోవాలనుంటది కదా, కుర్చీ చుట్టూ తిరిగేరు. తెల్ల ముక్క మీద వేలేసి గీరి, "ఏంటిరా ఈ అతుకు? పడవలు చెక్కుకునేవాడివి పడవలు చెక్కుకోక నీకెందుకిది? మనిషి కూచుంటే ఆగుతదా ఇది? ఎవరైనా ఎక్కి చూసేరా?" అన్నారు. "ఇంకా ఎవరూ ఎక్కలేదండి" అన్నాడు లోవరాజు. "ఎక్కి చూడకుండానే పంపిస్తావా? రేపు కూచున్నోడు కింద పడితే ఎవడిదిరా పూచీ?"

పూచీ అనేసరికి గోడ దగ్గర్నించి మాటొచ్చింది. "మాదేనండి బాబూ. అది మా పని. ఒక్క నిమిషం ఉండండి."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా పాయ మీద ఒక పద్ధతుంది. కొత్త పడవైనా, బాగుచేసిన పడవైనా, నీళ్ళలోకి తోసేక ముందు ఎక్కేది కట్టినోడే. ఇంటి పెద్దెవరైతే ఆయనే ఎక్కాలి. పడవ ఎవరిదో వాళ్ళు ఒడ్డున నిలబడాలి. కట్టినోడు పడవ నడిమధ్యన కూచుని ఒక చుట్ట ముట్టిస్తాడు. ఆ చుట్ట కాలినంతసేపూ లేవకూడదు. నీళ్ళు కారితే ముందు వాడి పంచే తడవాలని. చుట్ట అయిపోయి పంచె పొడిగా ఉంటే, అప్పుడు సొంతదారుడు ఎక్కుతాడు. మునసబుగారంతటోరు కూడా ఆ కాసేపూ ఒడ్డున ఎండలో నిలబడాల్సిందే. అబ్బులు పడవలో కూచుని పొగ వదులుతుంటే ఆయన నిలబడి చూస్తా ఉండేవారు. చిన్నప్పుడు జోగారావుగారూ ఆయన పక్కన నిలబడే చూసేరు. దాన్ని మునసబుగారి ముందు కూచోవడం అని ఎవరూ అనుకోలేదు. అబ్బులూ అనుకోలేదు. అది పని, అంతే.

ఆ పని మీదే బయల్దేరేడు ముసిలాయన. బయటికెళ్ళి కాళ్ళు కడుక్కొచ్చేడు. కుర్చీని తాకి కళ్ళకద్దుకున్నాడు. వేలు మడిచి చెక్క మీద టక్ టక్ మని కొట్టి చెవి పెట్టి విన్నాడు. పడవలోకి పెట్టినట్టు ముందు కుడికాలు పెట్టబోయి, ఇందులో కాలు పెట్టక్కర్లేదని గుర్తొచ్చి, వెనక్కి తిరిగి, కూచున్నాడు. ఎడంపక్కకి వాలేడు, కుడిపక్కకి వాలేడు. "ఒరగట్లేదు" అన్నాడు తనలో తనే. మొల్లోంచి చుట్ట తీసేడు. "అమ్మాయ్, నిప్పట్టుకురా" అన్నాడు. మరిడమ్మ పొయ్యి దగ్గరికి నడవలేదండి, ఎగిరింది.

చుట్ట ముట్టించేడు. పెద్దమనుషులిద్దరూ జోగారావుగారి మొహం చూస్తన్నారు, ఆయన చుట్ట చివర చూస్తన్నారు. ఆపమందామంటే పద్ధతి ఆయనకీ తెలుసు. మధ్యలో గడియారం పదకొండు కొట్టింది, అప్పుడు మూడో మూడున్నరో అయ్యుంటది. సగం చుట్ట కాలేసరికి ముసిలాయనకి మోకాళ్ళు లాగినట్టున్నాయి. ఒక కాలు ఎత్తి కుర్చీ చేతి మీద పెట్టేడు, ఆ తెల్ల అతుకు మీద. కాసేపాగి రెండోది కూడా ఎత్తి అటు పక్క పెట్టేడు. ఎనభయ్యేళ్ళ అరికాళ్ళు, పగుళ్ళతో, కడిగినా వదలని ఒండుతో, సరిగ్గా జోగారావుగారి బొజ్జకి ఎదురుగా. ముసిలాయన అది చూసుకున్నాడు. కాళ్ళు చూసేడు, కాళ్ళ వెనకాల నిలబడ్డ మనిషిని చూసేడు, మళ్ళీ కాళ్ళు చూసేడు. అప్పుడు తెలిసిందంట ఆయనకి, తను ఎక్కడున్నాడో. లోవరాజు అనుకున్నాడు, ఇప్పుడు లేచిపోతాడు, గభాల్న లేచి గోడకి అతుక్కుపోతాడు అని. ముసిలాయన కళ్ళు మూసుకుని ఒక దమ్ము లాగేడు. గట్టిగా లాగేడు. మెల్లిగా వదిలేడు.

చుట్ట అయిపోయింది. పీక నేలకి రాసి ఆర్పేడు. జోగారావుగారు గొంతు సవరించుకుని, "సరే, చూసేం కదా. ఇంక లే" అన్నారు. అబ్బులు లేవలేదు. "లేవరా అబ్బులూ." లేవలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన జాలిపడి, "ఏం తాతా, మోకాళ్ళు పట్టేసేయా? చెయ్యందించమంటావా?" అన్నాడు.

"లేదు బాబూ" అన్నాడు అబ్బులు. "బాగుంది."

అంతేనండి. ఎదురు చెప్పలేదు, గొంతు పెంచలేదు, పాత లెక్కలు తియ్యలేదు. బాగుంది అన్నాడు. దానికి జోగారావుగారు మాత్రం ఏమంటారు? బాగోలేదు అంటారా? మరిడమ్మ పొడుగు బల్ల మీద కొంగుతో తుడిచి, "నిలబడ్డారేంటండీ, కూచోండి, ఇదీ మీ ఇంటి సామానులాగే గట్టిది" అంది. ఆయన కూచోలేదు. సాయంత్రం బండొస్తదని చెప్పి వెళ్ళిపోయేరు. "పంపించండి బాబూ, మావయ్య లేచేక ఎక్కిస్తాం" అని వెనకాల్నించి కేకేసింది. నిజంగానే సాయంత్రం బండొచ్చింది. అబ్బులు కుర్చీలో ఉన్నాడు. బండివాడు కాసేపు కూచుని, టీ తాగి, వెళ్ళిపోయేడు. మర్నాడూ వచ్చింది, మర్నాడూ ఉన్నాడు. ఆ మర్నాడు బండివాడు, ఎద్దులకి తిరుగుడెక్కువైపోతందండీ అని జోగారావుగారికే చెప్పేసేడంట. తర్వాత బండి రాలేదు. లోవరాజు ఆరోజు జోగారావుగారు వెళ్ళేక కొట్లోకి పోయి, తుప్పు పట్టిన ఉలులన్నీ ముందేసుకుని పొద్దుపోయేదాకా సానబట్టేడు. ఏడుస్తా సానబట్టేడని కొందరంటారు. సొర నూనె ఘాటు కళ్ళకి ఎక్కిందని వాడంటాడు.

ఇప్పుడు వెళ్ళి చూడండి ఆ గది. టౌన్లోంచి కూడా వచ్చి మాకూ ఇలాటి సామాను బాగుచేసిపెట్టమని అడుగుతున్నారు. లోవరాజు అతుకులు మాత్రం దాచడు, దాచమన్నోళ్ళ పని పట్టుకోడు. వాసన దాదాపు పోయింది, పిల్లులు ఒకటో రెండో వస్తా ఉంటాయి, అవి వాసనక్కాదు, ముసిలాయన ఒళ్ళోకి. ఆయన అన్నం కూడా అందులోనే తింటానంటాడు. ఎక్కినప్పుడు దిగమంటే దిగడు, మీరందరూ కలిసి ఎక్కించేరు కదా అని కోడలితో రోజూ దెబ్బలాట.

నేనూ వెళ్తానండి మధ్యాహ్నం పూట. అబ్బులు ఏటి ఒడ్డుకెళ్ళిన టైము చూసి, కూచో బాబాయ్ అంటాడు లోవరాజు. కూచుంటాను. కాళ్ళు పైకి జాపుకుని, దర్జాగా, ఊళ్ళో పెద్దోళ్ళనీ పెద్దరికాలనీ కడిగేస్తా ఇదే కథ చెప్తాను. సరిగ్గా అప్పుడే వీధి చివర జోగారావుగారి కారు హారను వినపడిందనుకోండి, ఎంత మంచి చోట కథ ఉన్నా సరే, వదిలేసి లేచి నిలబడిపోతాను. ఆయన నా వంక చూడను కూడా చూడరు, వెళ్ళిపోతారు. అప్పుడు మళ్ళీ కూచుంటాను. లోవరాజు ఏమీ అనడు, మరిడమ్మ కూడా ఏమీ అనదు, అదే ఇబ్బంది. ఎన్నిసార్లో అనుకున్నాను ఈసారి లేవకూడదని. లేవకుండా ఉండటం నాకింకా రాలేదండి.